గీత మీద నడిపిస్తే తాగిందీ లేనిదీ తెలుస్తుందా? చంద్రగిరి రోడ్డు కేసు అడిగినవారికి

మీ ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంది. మిగతావాళ్ళకి అర్థం కావడానికి ముందు దాన్ని నాలుగు మాటల్లో చెప్తాను. మీ బావగారికి యాభై రెండేళ్ళు. మదనపల్లె నుంచి మినీ లారీలో టమోటా తెచ్చి తిరుపతిలో దింపి, రాత్రి భోంచేసి తిరుగు ప్రయాణమయ్యారు. చంద్రగిరి దగ్గర పోలీసులు ఆపారు. 10:40కి ఊదిస్తే మిషన్లో 38 వచ్చింది, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 38 మిల్లీగ్రాముల ఆల్కహాలని; మన చట్టం హద్దు 30. ఆ తర్వాత రోడ్డు అంచున తెల్ల గీత మీద నడవమన్నారు. ఎడమ కాలిలో పాత యాక్సిడెంటు తాలూకు రాడ్డుంది, తొమ్మిదేళ్ళుగా షుగరు కూడా ఉంది, అడుగు తప్పింది. "తూలుతూ నడిచాడు" అని రాసుకున్నారు. ఆసుపత్రిలో డాక్టరు చూసేసరికి రాత్రి ఒంటి గంట. ఆయన "మద్యం సేవించాడు, కానీ మత్తులో లేడు" అని రాసి 1:10కి రక్తం తీశారు. రిపోర్టు ఇంకా రాలేదు. మీ బావగారేమో అన్నం తిన్నాక అరిష్టం అనే ఆయుర్వేద మందు తాగానే తప్ప ఇంకేం ముట్టలేదంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మీ పెదనాన్న కొడుకు, అక్కడా ఒంటికాలి మీద నిలబెట్టి అరెస్టు చేస్తారని చెప్పాడట. ఈ నడిపించడంలో సైన్సు ఏమైనా ఉందా, డాక్టరు రాసిన మాటతో కేసు పోతుందా, మిషన్ తప్పు చూపిస్తుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ప్రభుత్వ డాక్టరుగా ఇరవై ఏళ్ళకు పైగా చేశాను. ఎక్కువ కాలం క్యాజువాలిటీలోనే గడిచింది. రాత్రి డ్యూటీల్లో కానిస్టేబుల్ మెమో పట్టుకుని మనిషిని వెంటబెట్టుకొస్తే నోటి వాసన చూసి, నడిపించి, మాట్లాడించి, కనుపాపలు చూసి సర్టిఫికెట్ రాసిచ్చే పని నాదే. కోర్టుల్లో బోనెక్కి ఆ సర్టిఫికెట్ల గురించి సమాధానాలు కూడా చెప్పాను. కాబట్టి మీ బావగారి వైపూ పోలీసుల వైపూ మొగ్గకుండా నాకు తెలిసింది చెప్తాను.

మొదట నడక సంగతి. పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసి నిలబెట్టడం, మడమకి వేలు తాకేలా అడుగు వెనక అడుగు వేయించడం, వేలితో ముక్కు కొన తాకించడం, ఇవన్నీ నరాల డాక్టర్ల పరీక్షలు. కళ్ళు మూసి నిలబెట్టే పరీక్షని రాంబర్గ్ అనే 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడి పేరుతో పిలుస్తాం. ఆయన దాన్ని వెన్నుపాము జబ్బు పట్టుకోవడానికి వాడాడు, తాగినవాళ్ళ కోసం కాదు. కాళ్ళ నుంచి మెదడుకి "పాదం ఇక్కడుంది" అనే కబురు సరిగా చేరుతోందా, చిన్నమెదడు తూకం నిలబెడుతోందా, చెవి లోపలి భాగం పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి పెట్టినవి. మద్యం చిన్నమెదడుని మొద్దుబారుస్తుంది కాబట్టి బాగా తాగినవాడు వీటిలో తప్పుతాడు. కానీ తొమ్మిదేళ్ళ షుగరుతో అరికాళ్ళు తిమ్మిరెక్కినవాడూ తప్పుతాడు. కాలిలో రాడ్డున్నవాడు, మూర్ఛకి ఫెనిటోయిన్ మాత్రలు వేసుకునేవాడు, అరవై అయిదు దాటినవాడు, చెవిలో చీము పట్టినవాడు కూడా తప్పుతారు. పరీక్ష వీళ్ళందరికీ ఒకే జవాబు ఇస్తుంది. తూకం తప్పిందని చెప్తుంది, ఎందుకు తప్పిందో చెప్పదు.

మన ఊరివాళ్ళకి వెంటనే అర్థమయ్యేలా చెప్తాను. అలిపిరి నుంచి 3550 మెట్లెక్కి, దర్శనం చేసుకుని, మళ్ళీ ఆ మెట్ల మీదనే కిందికి దిగిన మనిషిని అక్కడే ఆపి గీత మీద మడమ-వేలు నడక నడవమనండి. పిక్కలు పట్టేసి, మోకాళ్ళు వణుకుతూ, చాలామంది గీత తప్పుతారు. వాళ్ళ నోట్లో శ్రీవారి తీర్థం తప్ప ఇంకేం పోలేదు.

ఇక మీ బావగారిని నడిపించిన చోటు చూడండి. రోడ్డు అంచు గీత అంటే అవతల వాలు ఉంటుంది, ఆ పక్కన కంకర. ఎదురుగా వచ్చే లారీల హెడ్‌లైట్లు నేరుగా కళ్ళలో పడుతుంటాయి. కాళ్ళకి వదులు చెప్పులు. పక్కన యూనిఫాంలో నలుగురు. పొద్దున్నుంచి స్టీరింగ్ పట్టుకున్న ఒళ్ళు. దీన్ని ఏ నరాల డాక్టరూ పరీక్షగా ఒప్పుకోడు. నేను ఆసుపత్రిలో నడిపించినా, గచ్చు మీద టైల్స్ గీత వెంట, చెప్పులు విప్పించి, "కాలికి దెబ్బలేమైనా తగిలాయా, రాడ్డు ఉందా, షుగరుందా" అని అడిగాకే నడిపించేవాణ్ణి. ఆ జవాబులు కూడా కాగితం మీద ఉండాలి. లేకపోతే అడుగు తప్పిందన్న మాటకి అర్థం చెప్పడానికి వీలుండదు.

మీ అన్న చెప్పిన అమెరికా పరీక్షల్లో కొంత నిజముంది. మన దగ్గర లేని ఒక మంచి పని వాళ్ళు చేశారు. ఏ పరీక్ష ఎంతవరకు నిజం చెప్తుందో లెక్కపెట్టారు. అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ కోసం మార్సెలీన్ బర్న్స్, హెర్బర్ట్ మాస్కోవిట్జ్ అనే పరిశోధకులు 1977లో ఒకసారి, 1981లో తమ బృందంతో ఇంకోసారి చేసి చూశారు. చివరికి మూడు పరీక్షలు ఖరారు చేశారు. కంటి ముందు పెన్ను పక్కకి జరుపుతూ కనుగుడ్డు వణుకుతోందా అని చూడటం ఒకటి. తొమ్మిది అడుగులు మడమకి వేలు తాకిస్తూ నడిచి, తిరిగి, మళ్ళీ తొమ్మిది అడుగులు రావడం ఇంకొకటి. మూడోది ముప్పై సెకన్లు ఒంటికాలి మీద నిలబడటం. ప్రతిదానికీ లెక్కించాల్సిన తప్పులు రాసిపెట్టారు. నడకలో ఎనిమిది గుర్తులుంటే, రెండు కనబడితే చాలు, తాగాడని అనుకోవచ్చన్నారు.

ఎంత నిజం? అప్పటి హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 100 మిల్లీగ్రాములు. ఆ హద్దు దాటాడా లేదా అన్నది కంటి పరీక్ష 77 శాతం సార్లు, నడక 68 శాతం, ఒంటికాలు 65 శాతం సరిగ్గా చెప్పాయి. బొమ్మా బొరుసూ వేసినా 50 శాతం వస్తుంది కదా, ఒంటికాలి పరీక్ష దానికి పైన 15 శాతమే మెరుగు. 1977 పరిశోధనలో, ఈ పరీక్షలన్నీ చూసి అరెస్టు చేయాలనుకున్నవాళ్ళలో 47 శాతం మంది నిజానికి ఆ హద్దు లోపలే ఉన్నారు. 1981కి అది 32 శాతానికి తగ్గింది. 1998లో శాన్‌డియాగోలో పోలీసులు రోడ్డు మీదే చేసిన పరిశోధనలో 91 శాతం సరిగ్గా వచ్చిందని అక్కడ గొప్పగా చెప్పుకుంటారు. కానీ లోపలికి వెళ్ళి చూడాలి. ఆపిన 297 మందిలో ఎక్కువమంది నిజంగానే అప్పటికి అక్కడున్న హద్దు 80 దాటినవాళ్ళు. బాగా తాగినవాళ్ళనే ఆపితే, కళ్ళు మూసుకుని "తాగాడు" అన్నా చాలాసార్లు కరెక్టే అవుతుంది. హద్దు దాటని 83 మందిలో 24 మందిని పరీక్ష తాగినవాళ్ళ కింద జమకట్టింది. ముగ్గురిలో ఒకరికి కొంచెం తక్కువ. తప్పు చేయనివాడి వైపు నుంచి చూస్తే 91 కన్నా ఈ లెక్కే ముఖ్యం.

నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకొకటుంది. 1994లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఒక్క చుక్క కూడా తాగని 21 మందికి ఈ పరీక్షలు పెట్టి వీడియో తీశారు. దాన్ని 14 మంది పోలీసు అధికారులకి చూపించారు. వాళ్ళిచ్చిన తీర్పుల్లో 46 శాతం "వీడు బండి నడిపే స్థితిలో లేడు" అనే వచ్చాయి. చూసేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మన రోజువారీ జీవితంలో ఎప్పుడూ చేయని పని చేయిస్తే ఎవరైనా తడబడతారు, తడబాటు కోసం వెతికే కళ్ళకి తడబాటే కనబడుతుంది. 2002లో మేరీలాండ్‌లో ఒక ఫెడరల్ కోర్టు కూడా, ఈ పరీక్షలతో రక్తంలో ఇంత మద్యం ఉందని నిరూపించలేరని తేల్చింది.

ఇప్పుడు రెండో వైపు చూడాలి, ఎందుకంటే పైదంతా చదివి "నడక పరీక్ష వట్టిదే, మా బావ నేరుగా నడిచాడు కాబట్టి బాగున్నట్టే" అని ఎవరైనా అనుకుంటే అది ఇంకా ప్రమాదం. రోజూ తాగేవాడికి ఒళ్ళు అలవాటు పడుతుంది. నా ముందు గీత మీద సైనికుడిలా నడిచి, పేరు ఊరు చక్కగా చెప్పి, సంతకం నీటుగా పెట్టినవాళ్ళున్నారు. తర్వాత వచ్చిన రక్తం రిపోర్టుల్లో అంకెలు చూసి నాకే నమ్మకం కలగలేదు. ఇంకొకడు పెళ్ళిలో మొదటిసారి ఒక బీరు తాగి మెట్టు మీద కూలబడతాడు. మన చట్టం పెట్టిన 30 దగ్గర చాలామందికి నడక చెక్కుచెదరదు. అప్పటికే పాడయ్యేది వేరే ఉంది. రెండు పనులు ఒకేసారి చూసుకునే శక్తి, ఎదురుగా హఠాత్తుగా ఏదైనా వస్తే బ్రేకు మీద కాలు పడే వేగం ముందు తగ్గుతాయి. భాకరాపేట ఘాట్‌లో మలుపు తిరుగుతుంటే ఎదురుగా ఆవు కనబడినప్పుడు కావాల్సింది ఆ వేగమే. దాన్ని గీత మీద నడిపించి కొలవలేం. కాబట్టి ఈ పరీక్ష రోగిష్టిని తాగుబోతుని చేస్తుంది, ముదురు తాగుబోతుని వదిలేస్తుంది. రెండు వైపులా నష్టమే.

డాక్టరు రాసిన మాట గురించి. మా సర్టిఫికెట్లో చివర మూడు వాక్యాల్లో ఒకటి ఉంచుతాం. మద్యం తీసుకోలేదు. తీసుకున్నాడు, మత్తులో లేడు. తీసుకున్నాడు, మత్తులో ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఇదే మూస. మీ బావగారికి రెండోది రాశారు. దానితో కేసు పోతుందని మీకెవరో చెప్పినట్టున్నారు, అది సరి కాదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్లో మద్యానికి సంబంధించి మత్తు అనే మాటతో పనిలేదు. అక్కడుండేది ఒక అంకె, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించిందా లేదా అంతే. 1988లో చట్టం వచ్చినప్పుడు ఎంత కొంచెమైనా తప్పే అన్నట్టుండేది, 1994 సవరణలో ఈ 30, బ్రెత్ అనలైజరు వచ్చి చేరాయి. 2019 సవరణతో ల్యాబ్ పరీక్షతో సహా వేరే పరీక్షలు కూడా చెల్లుతాయని కలిపారు, జరిమానా పెంచారు. ఇప్పుడు మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేలు, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ళ దాకా జైలు, లేదా పదిహేను వేలు, లేదా రెండూ. అక్కడికక్కడ రాజీ కట్టేసుకునే 200వ సెక్షన్ జాబితాలో ఇది లేదు. అంటే నేరుగా నడిచాడన్న మాట మీ బావగారిని కాపాడదు, తూలాడన్న మాట ఒక్కటే శిక్ష వేయించలేదు.

సుప్రీంకోర్టు 1971లోనే, మహారాష్ట్ర నుంచి వచ్చిన బచ్చూభాయ్ హసనల్లీ కర్యానీ కేసులో, నోటి వాసన, తడబడే నడక, ముద్దగా మాట, పెద్దవైన కనుపాపలు, ఇవన్నీ ఉన్నా రక్తం, మూత్రం పరీక్షలు లేకుండా తాగాడని ఖాయంగా చెప్పలేమన్నట్టు చూసింది. మా ప్రొఫెసర్లు క్లాసులో ఆ కేసు చెప్పేవాళ్ళు. కానీ బీమా విషయానికొస్తే లెక్క వేరు. 2021లో ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ మధ్య కేసులో, ఊదించకపోయినా, రక్తం తీయకపోయినా, మిగతా సాక్ష్యాలతో డ్రైవరు మద్యం ప్రభావంలో ఉన్నాడని బీమా కంపెనీ చూపించుకోవచ్చని అదే కోర్టు చెప్పింది. కాబట్టి రేపు బండికి క్లెయిమ్ పడ్డ రోజున, డాక్టరు చీటీ మీద ఆ "తీసుకున్నాడు" అనే మాట మిమ్మల్ని వెతుక్కుంటూ రావచ్చు. అందుకే ఆ సర్టిఫికెట్ కాపీ ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ఇక మిషన్. మీ మూడు ప్రశ్నల్లో అసలైనది ఇదే, దీని మీద ఎక్కువ చెప్తాను.

మన పోలీసులు వాడే ఊదే మిషన్లలో ఎక్కువ శాతం ఫ్యూయల్ సెల్ రకం. ఊపిరిలోని ఆల్కహాలు ప్లాటినం పూత మీద పడి మార్పు చెందుతున్నప్పుడు చిన్న కరెంటు పుడుతుంది, ఆ కరెంటుని బట్టి అంకె చూపిస్తుంది. అది రక్తాన్ని చూడలేదు. ఊపిరిని చూసి రక్తాన్ని లెక్కగడుతుంది. ఆ లెక్కకి ఒక నిష్పత్తి పెట్టుకున్నారు, ఊపిరిలో ఉన్నదానికి 2100 రెట్లు రక్తంలో ఉంటుందని. నిజమనుషుల్లో అది మనిషి మనిషికీ, అదే మనిషిలో గంట గంటకీ మారుతుంది. చాలామందిలో తాగి కొంతసేపైన తర్వాత అసలు నిష్పత్తి 2100 కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది, అంటే మిషన్ సాధారణంగా రక్తంలో ఉన్నదాని కన్నా కొద్దిగా తక్కువే చూపిస్తుంది. తాగిన తొలి అరగంటలో, కడుపు నుంచి ఇంకా రక్తంలోకి ఎక్కుతున్నప్పుడు మాత్రం ఎక్కువ చూపించే అవకాశముంది.

షుగరు ఉంటే మిషన్ తప్పు చూపిస్తుందని మన దగ్గర గట్టిగా నమ్ముతారు. పాత చవకరకం సెన్సర్లు షుగరు బాగా పెరిగినప్పుడు ఊపిరిలో వచ్చే అసిటోన్‌ని ఆల్కహాలనుకునేవి. ఫ్యూయల్ సెల్ అసిటోన్‌కి దాదాపు స్పందించదు. కాబట్టి మీ బావగారి షుగరు 38కి కారణమని వకీలు చేత చెప్పించకండి. కోర్టులో నిలబడదు.

నిలబడే కారణం నోట్లోని ఆల్కహాలు. మౌత్‌వాష్, హోమియో చుక్కలు, అరిష్టం, దగ్గుమందు, లేదా అప్పుడే తాగిన పెగ్గు, ఏదైనా సరే నోటి తడిలో పది పదిహేను నిమిషాలు ఉంటుంది. ఆ లోపల ఊదితే మిషన్‌కి ఊపిరితిత్తుల గాలీ నోటి ఆవిరీ వేరుగా తెలియవు, ఆకాశానికెక్కే అంకె చూపిస్తుంది. చేతులకి శానిటైజర్ రాసుకుని, ఆరకముందే నోటి దగ్గర మిషన్ పట్టుకున్నా ఇదే బాధ. త్రేన్పు వచ్చినా, వాంతి వచ్చినా అంతే. అందుకే పద్ధతి ప్రకారం ఊదించేముందు పదిహేను నిమిషాలు ఏమీ తాగనివ్వకుండా గమనించాలి, ముందు మిషన్‌తో గాలి పరీక్ష చేసి సున్నా వస్తోందని చూడాలి, కొత్త గొట్టం పెట్టాలి, వీలైతే కొన్ని నిమిషాల తేడాతో రెండోసారి ఊదించాలి. నోటి ఆవిరి అయితే రెండో అంకె బాగా పడిపోతుంది. రక్తంలో ఉన్నదైతే దాదాపు అదే నిలబడుతుంది.

ఇప్పుడు మీ బావగారి అరిష్టం సంగతి లెక్క వేసి చూద్దాం, నొచ్చుకోకండి. ఆయుర్వేద అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేస్తారు, వాటిలో సహజంగానే 5 నుంచి 10 శాతం దాకా ఆల్కహాలు ఉంటుంది, సీసా మీద కూడా రాసుంటుంది. 8 శాతం అనుకుందాం. 30 మిల్లీలీటర్లు తాగితే లోపలికి పోయే ఆల్కహాలు 2 గ్రాములకి లోపు. అరవై అయిదు కిలోల మగమనిషి ఒంట్లో అది కలిసేది సుమారు 44 లీటర్లలో. లెక్క కడితే 100 మిల్లీలీటర్లకి నాలుగైదు మిల్లీగ్రాములొస్తుంది. 38 రావాలంటే పావు లీటరు పైన అరిష్టం ఒక్క గుక్కన తాగాలి. అదే 60 మిల్లీలీటర్ల బ్రాందీ అయితే, 42.8 శాతం లెక్కన, 20 గ్రాములు, అంకె 45 దగ్గర. నైంటీ, అంటే 90 మిల్లీలీటర్లు, అయితే 70 దగ్గర. అయిదు శాతం బీరు పెద్ద సీసా అయితే 58 దాకా. ఇవన్నీ ఖాళీ కడుపుతో ఒకేసారి తాగితే వచ్చే గరిష్ఠాలు, అన్నం తిని ఉంటే తగ్గుతాయి.

అంటే జవాబు ఒకే ఒక్క విషయం మీద ఆధారపడుంది. అరిష్టం తాగిన పది నిమిషాల్లోపల ఊదించి ఉంటే 38 రావడంలో ఆశ్చర్యం లేదు, అది నోటి ఆవిరి. హోటల్లో తొమ్మిదిన్నరకి తాగి, 10:40కి ఊదితే ఆ 38 అరిష్టం నుంచి రాదు. మీ బావగార్ని ఎదురుగా కూర్చోబెట్టి అడగండి, ఇంట్లోవాళ్ళ ముందు కాకుండా.

రక్తం రిపోర్టు మీద పెట్టుకున్న ఆశ గురించి కూడా చెప్పాలి. ఒంట్లో ఆల్కహాలు గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది, మనిషిని బట్టి 10 నుంచి 25 దాకా. 10:40 నుంచి 1:10కి రెండున్నర గంటలు. నిజంగానే 38 ఉన్నా ఒంటి గంటకి అది సున్నా దగ్గరికి రావచ్చు. కాబట్టి రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా మిషన్ అబద్ధం చెప్పిందని తేలదు, నిజం చెప్పిందనీ తేలదు. అదే 20 వచ్చిందనుకోండి, వెనక్కి లెక్క కట్టి అప్పుడు 30 దాటే ఉందని వాదిస్తారు. 202వ సెక్షన్లో అరెస్టైన రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష చేయించాలని ఉంది. చేయించకపోతే మనిషిని విడిచిపెట్టాలి. కేసు ఆ కారణంతోనే కొట్టేస్తారని దాని అర్థం కాదు. అయినా ఆలస్యం ఎందుకైందని మీ వకీలు తప్పకుండా అడగాలి, ఎందుకంటే రక్తమే వీటన్నిటిలో సైన్సుకి దగ్గరగా ఉండేది. దాన్నే గంటలతరబడి ఆలస్యం చేసి పనికిరాకుండా చేస్తున్నాం.

రక్తం తీసేటప్పుడు కూడా చూడాల్సినవి ఉన్నాయి. సూది గుచ్చే చోట స్పిరిట్ దూదితో తుడవకూడదు, సబ్బు నీళ్ళు చాలు. సీసాలో సోడియం ఫ్లోరైడ్ వేయాలి, లేకపోతే మన చిత్తూరు ఎండలకి సీసాలోనే పులిసి ఆల్కహాలు పుట్టొచ్చు, లేదా ఉన్నది తగ్గిపోవచ్చు. సీలు, సంతకం, టైము, ఫ్రిజ్. ఇవన్నీ చిన్న విషయాల్లా కనబడతాయి. ఒక సంసారం నడిపే మనిషి లైసెన్సు వీటి మీదే ఉంటుంది.

ఒక రాత్రి సంగతి చెప్పాలి, ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఓ ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ, రాత్రి రెండు గంటలవుతోంది. కానిస్టేబుల్ నలభై ఏళ్ళ లారీ డ్రైవర్ని భుజం పట్టుకుని తెచ్చాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. నోట్లో మందు వాసన స్పష్టంగా ఉంది. నడవమంటే రెండడుగులకే గోడకి ఆనుకున్నాడు. పేరడిగితే ముద్దముద్దగా ఏదో అన్నాడు. నేను మెమో వెనక మూడో వాక్యం రాసేశాను, మత్తులో ఉన్నాడని. అప్పుడు స్టాఫ్ నర్సు వచ్చి చేయి పట్టుకుని "సార్, చేయి మంచులాగుంది, ఈ చెమటలు తాగినవి కాదు" అంది. వేలు గుచ్చి గ్లూకోమీటర్ పెట్టింది. 34, షుగరు బాగా పడిపోయింది. వెంటనే నరానికి డెక్స్‌ట్రోజ్, అంటే చక్కెర నీళ్ళు, ఎక్కించాం. అయిదు నిమిషాలు కాకముందే లేచి కూర్చుని "యాడుండా సామీ నేను? నా బండి యాడ?" అన్నాడు. షుగరు మాత్రలు వేసుకుని, కొంచెం తాగి, అన్నం తినకుండా బండెక్కాడు. మద్యం లివర్‌ని చక్కెర తయారుచేయనివ్వదు, షుగరు మాత్ర ఉన్న చక్కెరని కిందికి లాగుతుంది. రెండూ కలిసి మనిషిని చావు దాకా తీసుకెళ్ళాయి. నేను రాసిన ఆ చీటీతో స్టేషన్‌కి పంపుంటే తెల్లారేసరికి ఏమయ్యేదో. రాసింది కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, మళ్ళీ మొదట్నుంచి రాశాను. ఆ రోజు నుంచి వాసన చూసేముందు వేలు గుచ్చేవాణ్ణి. తలకి దెబ్బ తగిలినవాళ్ళదీ ఇదే కథ. వాసన ఉంది కాబట్టి తాగి పడిపోయాడనుకుంటారు, లోపల రక్తం గడ్డకట్టి పెరుగుతూ ఉంటుంది. ఇది చదివే పోలీసువాళ్ళుంటే చేతులెత్తి అడుగుతున్నాను, తూలే మనిషి దొరికితే స్టేషన్‌కి కాకుండా ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక మీరు చేయాల్సినవి. మిషన్ ప్రింటు కాపీ అడగండి, దాని మీద టైము, మిషన్ నంబరు ఉంటాయి. గాలి పరీక్ష సున్నా చూపించిందా, ఆ మిషన్‌ని చివరిసారి కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) ఎప్పుడు చేయించారు, ఆ సర్టిఫికెట్ ఏది, రెండోసారి ఊదించారా, స్టేషన్‌లో మళ్ళీ ఊదే అవకాశం ఇచ్చారా, ఇవి వకీలు చేత అడిగించండి. 203వ సెక్షన్లోనే స్టేషన్లో ఆ అవకాశం ఇవ్వాలని ఉంది. రాడ్డు వేసినప్పటి ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితాలు, షుగరు చీటీలు ఒక ఫైల్లో పెట్టండి. "తూలుతూ నడిచాడు" అన్న మాటకి అవే జవాబు. రాత్రి ఒంటి గంటకి డాక్టరు నడక ఎలా ఉందని రాశారో కూడా చూడండి. ఇంకోసారి ఎక్కడైనా ఆపితే ఊదనని మాత్రం అనొద్దని చెప్పండి. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే 205వ సెక్షన్ కింద దాన్నే ఎదురు సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఊదేముందు "ఇప్పుడే అరిష్టం తాగాను, పదిహేను నిమిషాలాగి ఊదుతాను, అది రాసుకోండి" అని మర్యాదగా చెప్పొచ్చు.

ముందుగా మాత్రం, హోటల్ బిల్లు దొరికితే తీసి, దాని మీద టైము చూడండి. అరిష్టం ఎప్పుడు తాగారో, ఏ సీసానో, ఎంత తాగారో ఒక కాగితం మీద మీ బావగారి చేతే రాయించండి. ప్రింటు మీద 10:40కీ దానికీ మధ్య ఎన్ని నిమిషాలున్నాయో ఇక్కడ రాస్తే, వకీలు దగ్గరికి ఏ మాటతో వెళ్ళాలో చెప్తాను.